తెలిసియు తెలియని ప్రభుత్వము

ఏదేని నగరమున బాంబు ప్రేలి ప్రజలు ప్రాణములు గోల్పోయిన మరునాడు మన దేశమున రెండు ప్రకటనలు వెలువడుట పరిపాటియైనది. మేము ముందుగనే హెచ్చరించితిమని కేంద్ర ప్రభుత్వమువారందురు. ఆ హెచ్చరికలో ఊరు లేదు, పేరు లేదు, దినము లేదు, అట్టివి నిత్యము వచ్చుచునే యుండునని రాష్ట్ర ప్రభుత్వమువారందురు. రెండును నిజములే కావచ్చును. ఆ రెండు నిజముల నడుమ చిక్కి చచ్చినవారి కుటుంబములకు మాత్రము ఏ నిజమువలనను ఊరట లేదు.

2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరులో, బస్సుకొరకు నిలిచినవారును అంగళ్లకు వచ్చినవారును క్రిక్కిరిసియున్న వేళ, సైకిళ్లపై నుంచిన బాంబులు రెండు కొన్ని నిమిషముల యెడమున ప్రేలెను. 18 మంది మరణించిరి. నూర్గురకు పైగా గాయపడిరి. రాష్ట్రములకు ముందుగనే సమాచారము పంపితిమని నాటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే చెప్పెను. అది సామాన్యముగా వచ్చు హెచ్చరిక వంటిదేయని నాటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి చెప్పెను. ఇంతలో మఱియొక సంగతి బయటపడెను. అంతకు నాలుగు నెలలకు ముందు ఢిల్లీ పోలీసులు పట్టుకొన్న నిందితులు, తాము దిల్‌సుఖ్‌నగరమును పరిశీలించి వచ్చితిమని విచారణలో చెప్పియుండిరి. ప్రేలుడు ఎచ్చట జరుగనున్నదో ఆ పేట పేరు దేశ రాజధానిలో నొక కాగితముపై నెక్కియుండెను. ఆ పేటను కాపాడుటకు ఆ కాగితము పనికిరాలేదు.

మన గూఢచారశాఖలకు ఏమియు తెలియదనుట తేలిక. తెలియకపోవుట మన ప్రధానమైన జబ్బు కాదనియు, తెలిసినది ఒకచోట చేరకపోవుటయే జబ్బనియు మా యభిప్రాయము. అంధులు ఏనుగును తడవిన కథ మనవారందరెరిగినదే. తొండము నొకడు, చెవి నొకడు, తోక నొకడు పట్టి చూచిరి. వారిలో ఎవడును అబద్ధమాడలేదు. తమతమ యెరుకను ఒకరికొకరు చెప్పుకొని కూర్పకపోవుటయే వారి లోపము. మన ప్రభుత్వశాఖలు ఆ అంధులకంటె నొక మెట్టు దిగువనున్నవి. ఆ అంధులు వాదులాడుటకైనను ఒకచోట చేరిరి. వీరు ఎవరికి వారే యమునాతీరే.

దీనికి దిల్‌సుఖ్‌నగరు దుండగములోనే నిదర్శనము గలదు. ఆ కేసున శిక్షపడిన యాసీన్ భత్కల్ అనువాడు ఇండియన్ ముజాహిదీన్ ముఠా నాయకులలో నొకడు. 2009 చివర కలకత్తా పోలీసులు వానిని ఒక చిన్న కేసులో పట్టుకొనిరి. వాడు మారుపేరు చెప్పెను. వాడెవడో అచ్చటివారికి తెలియలేదు. బెయిలుపై బయటపడి పోయెను. 2010 ఫిబ్రవరిలో పుణె నగరపు జర్మన్ బేకరీలో బాంబు ప్రేలి 17 మంది మరణించిరి. ఆ దుండగమునందును వాని పేరే వినవచ్చెను. 2013 ఆగస్టులో బీహారు పోలీసులును ఇంటెలిజెన్స్ బ్యూరోవారును కలిసి పనిచేసి నేపాళ సరిహద్దున వానిని పట్టుకొనిరి. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము వానికిని మఱి నలుగురకును మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిలులో తెలంగాణ హైకోర్టు దానిని ధ్రువపరచెను. న్యాయస్థానము తన పనిని తాను చేసినది. అయినను ఒక్క ప్రశ్న మిగిలియున్నది. ఏ మనుష్యునికొరకు దేశములోని అన్ని శాఖలును గాలించుచుండెనో, ఆ మనుష్యుడు ఒక పోలీసుఠాణా కటకటాలవెనుక కూర్చుండి యున్నప్పుడు, ఆ ఠాణాలో వాని ముఖము నెరిగినవాడు ఒక్కడును ఏల లేడు? ముఖమెరిగిన శాఖ వేరు, మనిషిని పట్టిన శాఖ వేరు. ఈ రెంటి నడుమ దారి లేకపోవుటచే వాడు నడచిపోయెను.

ముంబయి సంగతియు నిట్టిదే. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి పదిమంది సాయుధులు కరాచీనుండి సముద్రమార్గమున వచ్చి ఆ మహానగరమున సుమారు అరువది గంటలపాటు మారణహోమము సాగించిరి. 166 మంది బలియైరి. శత్రువులు సముద్రముమీదుగా రాగలరనియు, గొప్ప హోటళ్లపై దాడి జరుగవచ్చుననియు అంతకుముందే హెచ్చరికలు వచ్చియుండెను. తాజ్ హోటలువారు కొంతకాలము కాపుదల హెచ్చించి పిదప సడలించిరి. డేవిడ్ హెడ్లీ అను అమెరికా పౌరుడు లష్కరే తోయిబా పక్షమున పలుమార్లు ముంబయికి వచ్చి దాడికి స్థలములు చూచిపోయెను. వాని నడత ననుమానించి వాని భార్యలే అమెరికా అధికారులకు చెప్పియుండిరి. ఆ మాట ఢిల్లీకి చేరలేదు. సముద్రమున తీరరక్షకదళము రక్షణశాఖ క్రింద, తీరమున పోలీసులు రాష్ట్రము క్రింద, రేవులలో సుంకపువారు ఆర్థికశాఖ క్రింద నుండిరి. అలలకు మాత్రము ఈ విభజన తెలియదు. పడవదిగి వచ్చిన ఆ క్రొత్తవారిని చూచి మీరెవరని మొట్టమొదట అడిగినవారు ఏ శాఖవారును కారు. ఆ తీరమున నివసించు జాలరులు!

అగ్రరాజ్యమైన అమెరికాయందు సైతము ఈ జబ్బే ప్రాణములు తీసినది. 2000 జనవరిలో మలేషియాలోని కౌలాలంపూరున అల్‌ఖైదావారు కూడిన సంగతిని ఆ దేశపు విదేశ గూఢచారశాఖయగు సి.ఐ.ఏ. కనిపెట్టెను. అచ్చట కూడినవారిలో నొకనికి అమెరికా వీసా గలదనియు దానికి తెలిసెను. ఆ ముఠాలోని మఱియొకడు లాస్ ఏంజెలిసుకు విమానమెక్కెనని మార్చిలో తెలిసెను. ఐనను స్వదేశమున నేరపరిశోధన చేయు ఎఫ్.బి.ఐ.కి ఆ సంగతులు సకాలమున అందలేదు. ఆ ఇరువురును శాన్ డియాగో నగరమున స్వంతపేర్లతోనే కాపురముండిరి. 2001 ఆగస్టు చివర గాని వారి పేర్లు నిషిద్ధుల పట్టికలో నెక్కలేదు. సెప్టెంబరు 11వ తేదీన పెంటగాన్ భవనముపై కూలిన విమానములో ఆ ఇరువురును గలరు. ఆ యేడు జూలైలోనే ఫీనిక్సు నగరపు ఎఫ్.బి.ఐ. ఉద్యోగి, విమానము నడుపుట నేర్చుకొనుచున్న కొందరిపై అనుమానము తెల్పుచు నివేదిక వ్రాసెను. ఆగస్టులో మిన్నెసోటాలో అట్టి విద్యార్థి నొకని పట్టుకొనిరి. ఫీనిక్సు కాగితమును మిన్నెసోటా ఖైదీని ఒక్క బల్లపై నుంచి చూచినవారు లేరు. అట్లు చూచిన దాడి ఆగియుండెడిదని మేము ప్రమాణము చేయజాలము. చూడకుండుటకు మాత్రము క్షమాపణ లేదు.

ఇంత నష్టము కండ్లయెదుట గనపడుచుండ శాఖలు ఏల దాచుకొనును? అందరును దుర్మార్గులై కాదు. వార్త తెచ్చిన మనుష్యుని ప్రాణము కాపాడవలెనను భయము ఒకటి. అది న్యాయమైన భయమే. పదిచేతులు మారిన రహస్యము రహస్యము కాదు, ఇంటిగుట్టు లంకకు చేటని మనవారు ఊరక చెప్పలేదు. రెండవది పేరుకొరకైన ఆశ. ముఠాను పట్టుకొన్న కీర్తియు, దానితోవచ్చు పతకమును, నిధులును తన శాఖకే దక్కవలెనను పోటీ. ఇది న్యాయముకాదు. మూడవది తప్పు తనపై బడకుండ చూచుకొను నేర్పు. స్పష్టముగ వ్రాసిన, అది జరుగకున్న నవ్వులపాలు. వ్రాయకున్న, అది జరిగిన చేటు. కావున అన్ని నగరములకును అన్ని పండుగలకును సరిపడునట్లు ఒక అస్పష్టపు హెచ్చరిక వ్రాసి పంపివేసిన రెండువిధముల క్షేమము. పులి వచ్చెనని నిత్యము కేకవేయువాని మాట విని ఊరివారు ఎన్నాళ్లు పరుగెత్తుదురు? ఇట్టి హెచ్చరికలవలన రక్షణ కలుగదు. దుర్ఘటన జరిగిన మరునాడు చూపుకొనుటకు రసీదు దొరకును. తిలాపాపము తలా పిడికెడుగా పంచుకొందురు. వార్తను మాత్రము పంచుకొనరు.

నాల్గవ కారణము మన చరిత్రలో నున్నది. మన ఇంటెలిజెన్స్ బ్యూరోకు మూలమైన శాఖను 1887లో పరప్రభుత్వము స్థాపించినది. దేశమున ఎవరు సభలు పెట్టుచున్నారో, ఎవరు ప్రజలను మేల్కొల్పుచున్నారో కనిపెట్టుటయే దాని ముఖ్యమైన పని. పాలితులను అనుమానించుటకు పుట్టిన శాఖకు పైవారికి చెప్పుటయే గాని క్రిందివారికి చెప్పుట అలవాటులో లేదు. స్వరాజ్యము వచ్చెను, జెండా మారెను. ఆ అలవాటు పూర్తిగా మారలేదు. 1968లో విదేశ వ్యవహారములకై ‘రా’ అను శాఖను విడదీసిరి. పిమ్మట సైన్యమునకును, సాంకేతిక నిఘాకును వేరువేరు శాఖలేర్పడెను. కండ్లు పెరిగినవి, కండ్లకును బుద్ధికిని నడుమ నరములు పెరుగలేదు.

రాజు చారచక్షువని మన పెద్దలనిరి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, చారులు ఒకరినొకరు ఎరుగకుండవలెనని విధించెను. గుట్టు కాపాడుటకు ఇంతకంటె కఠినమైన కట్టుబాటు లేదు. ఐనను ఆతడే, మువ్వురు చెప్పినది ఏకమైనపుడే దానిని నమ్మదగునని చెప్పెను. ఒకరినొకరు ఎరుగని మువ్వురి మాటలు ఏకమైనవో కాలేదో తేలవలెనన్న ఆ మూడుమాటలును ఒకచోట చేరవలెను గదా! క్రింద గోడలుండవచ్చును, పైన కప్పు ఒక్కటే కావలెను. రహస్యమును కాపాడుటకును వార్తను కలుపుటకును విరోధము లేదు. వార్త తెచ్చినవాని పేరు దాచి, వార్తను పంచవచ్చును. ఈ చిన్న వివేకమును మరచి, పేరుతోబాటు వార్తనుగూడ పెట్టెలో బెట్టి తాళము వేయుచున్నాము.

ఏమియు జరుగలేదని మేము అనము. 1999లో కార్గిలు కొండలపై శత్రువు తిష్ఠవేసిన పిమ్మట కె. సుబ్రహ్మణ్యముగారి అధ్యక్షతన నేర్పడిన సంఘము మన గూఢచార వ్యవస్థలోని లోపములను విప్పి చెప్పెను. దాని ఫలముగా 2001లో ఇంటెలిజెన్స్ బ్యూరోలో మల్టీ ఏజెన్సీ సెంటరు అను కేంద్రము వెలసినది. పేరుకు వెలసినదే గాని ముంబయి తగులబడునంతవఱకు దానికి బలము చేకూరలేదు. 2008 డిసెంబరు 31న వెలువడిన ఉత్తర్వు ప్రతిశాఖయు తన సమాచారమును ఈ కేంద్రమునకు ఈయవలెననియు, కేంద్రము రేయింబవళ్లు పనిచేయవలెననియు శాసించెను. ఆ యేటి చివరనే జాతీయ దర్యాప్తు సంస్థకు చట్టము పుట్టెను. పోలీసుఠాణాలను కలుపు సి.సి.టి.ఎన్.ఎస్. పథకమును, వేరువేరు శాఖల దప్తరములను వెదకుటకు వీలుకల్పించు నాట్‌గ్రిడ్డును తలపెట్టిరి. సముద్రరక్షణకై విశాఖపట్టణము మొదలగు నాలుగు చోట్ల నౌకాదళము క్రింద సంయుక్త కేంద్రములేర్పడెను. 2025 మే నెలలో మల్టీ ఏజెన్సీ సెంటరు క్రొత్తరూపము దాల్చి, జిల్లా పోలీసు సూపరింటెండెంటు వఱకు తంత్రీమార్గము సాగినది. ఇవి మెచ్చదగినవి. కాని చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొనుటయే మనకు పద్ధతియైనది. ప్రతి సంస్కరణమునకును ఒక శ్మశానము పునాదిగా నుండవలెనా?

2012లో జరిగిన వివాదమును ఇచ్చట స్మరింపవలసియున్నది. ఆ ఫిబ్రవరిలో కేంద్రము జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రమును ఇంటెలిజెన్స్ బ్యూరోలో నెలకొల్పుచు ఉత్తర్వు చేసి, దానికి సోదాచేయుటకును నిర్బంధించుటకును అధికారములొసగెను. పక్షభేదములేక పలువురు ముఖ్యమంత్రులు ఎదిరించిరి. మే 5వ తేదీన ఢిల్లీలో సభ జరిగెను, పథకము మూలబడెను. శాంతిభద్రతలును పోలీసును రాష్ట్రముల సొత్తని రాజ్యాంగము చెప్పుచున్నది. చట్టమెద్దియులేని రహస్యశాఖకు మనుష్యులను పట్టుకొను నధికారము కూడదన్న రాష్ట్రముల వాదము న్యాయమైనదని మేమును తలంతుము. కాని ఆ వాదముతో పని ముగిసినదని నిద్రించుట న్యాయము కాదు. నిర్బంధాధికారమును త్రోసివేసి వార్తను కలుపు భాగమును నిలుపుకొనవలసినది. చెడును గెంటుటలో మంచినిగూడ గెంటివేసిరి. కేంద్రము రాష్ట్రములను అడుగక చేసెను. రాష్ట్రములు అడిగించుకొని ఊరకుండెను. దుండగీడులకు రాష్ట్రముల సరిహద్దులు లేవు.

వార్త ఢిల్లీలో చేరుట సగము పని. అది ఠాణాకు చేరుట, చేరిన దానిని నమ్మి కదలుట తక్కిన సగము. 2016 జనవరి 2వ తేదీన పఠాన్‌కోట వైమానిక స్థావరముపై దాడికి ముందు, సాయుధులు ఒక పోలీసు ఉన్నతాధికారినే అపహరించి విడిచిపెట్టిరి. ఆతడు వచ్చి చెప్పిన మాటను మొదట సందేహించిరి. అమూల్యమైన గంటలు గడచిపోయెను. హెచ్చరిక యుండియు శత్రువు లోపల బ్రవేశించెను. ఏడుగురు యోధులు నేలకొరిగిరి. ఏదో మహాలోపము గలదని పార్లమెంటు స్థాయీసంఘమే ఆ యేడు తప్పుపట్టెను. సుమారు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్రతీరమున ప్రతిదినమును సముద్రముపైకి పోవు మత్స్యకారుడు ఏ నౌకాదళమునకంటెను ముందుగా క్రొత్త పడవను గుర్తింపగలడు. ఆతడు చూచినది ఎవరితో చెప్పవలెను? చెప్పిన వినువారెవరు? విన్నవారు మరల వచ్చి, నీవు చెప్పినదానివలన ఈ మేలు కలిగెనని ఆతనికి తెలుపుదురా? అడుగుటయే గాని చెప్పుట ఎరుగని ప్రభుత్వమునకు ప్రజలు రెండవసారి చెప్పరు.

ఇచ్చట మఱియొక ప్రమాదమును మరువరాదు. సత్యము పంచుకొన్న దేశము కాపాడబడును; అసత్యము పంచుకొన్న నిర్దోషి నాశనమగును. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు ప్రేలిన పిమ్మట పలువురు ముస్లిము యువకులను పోలీసులు పట్టి చెరబెట్టిరి. వారిని న్యాయస్థానములు విడిచిపెట్టెను. చివరకు రాష్ట్రప్రభుత్వమే వారికి పరిహారము ప్రకటింపవలసి వచ్చెను. ఒక ఠాణాలోని తప్పుడు అనుమానము ఒక యువకుని బాధించును. అదే అనుమానము యంత్రములద్వారా దేశములోని అన్ని దప్తరములకును ప్రాకినచో, ఆతనికి ఉద్యోగము లేదు, అద్దెయిల్లు లేదు, ప్రయాణము లేదు. న్యాయమూర్తి విడిచినను యంత్రము విడువదు. అట్టి యువకునికి జరిగిన అన్యాయము దేశరక్షణకు ఏమాత్రమును తోడ్పడలేదు. ఆ సమయమంతయు నిజమైన దోషి స్వేచ్ఛగా తిరుగుచుండెను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. శత్రువును వెదకుట పేరిట పౌరులందరి ఉత్తరములను విప్పిచూచు ప్రభుత్వము మనకు వలదు. అట్టి ప్రభుత్వమును ఇదివఱకే చూచియున్నాము.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, గూఢచారశాఖలకు పార్లమెంటు చట్టము కావలెను. ఇంటెలిజెన్స్ బ్యూరోకుగాని ‘రా’కుగాని నేటికిని ప్రత్యేకమైన శాసనము లేదు, 2011లో మనీష్ తివారీ అట్టి బిల్లు నొకదానిని అనధికార సభ్యునిగా తెచ్చినను అది చట్టము కాలేదు. ఆ చట్టమున వార్తను పంచుట శాఖల దయగాక విధియై యుండవలెను. పంచనివాడు కారణము వ్రాతమూలముగ తెలుపవలెను. రెండవది, ప్రతి హెచ్చరికయందును అది ఎంత నమ్మదగినదో, ఎవరు ఏమి చేయవలెనో చెప్పబడియుండవలెను. అందుకొన్నవారు తాము చేసినదానిని తిరిగి తెలుపవలెను. ఏమియు చెప్పని హెచ్చరికను హెచ్చరికగా లెక్కింపరాదు. మూడవది, వార్తలు కూడు కేంద్రమున రాష్ట్రములకు వినుటకేగాక పలుకుటకును స్థానముండవలెను. పట్టుకొను నధికారము చట్టబద్ధమైన పోలీసుల చేతిలోనే నిలువవలెను. నాల్గవది, ఈ యంత్రమంతయు పార్లమెంటు సంఘమునకు జవాబు చెప్పవలెను. నిర్దోషియని తేలినవాని పేరును ఒక్క పుస్తకమునుండి గాక అన్ని పుస్తకములనుండియు కొట్టివేయవలెను.

అమెరికావారు తమ వైఫల్యమును విచారించుటకు ఉభయపక్షములవారిని పదిమందిని నియమించి, 2004లో ఆ నివేదికను అంగళ్లలో అమ్మించిరి. సామాన్యుడు కొని చదివి, తన ప్రభుత్వము ఎచ్చట తప్పెనో తెలిసికొనెను. ముంబయిపై మహారాష్ట్ర ప్రభుత్వము నియమించిన ప్రధాన్ సంఘమునకు కేంద్రశాఖలను ప్రశ్నించు అధికారమే లేదు. సగము ఏనుగును తడవుటకు మఱియొక సంఘమును వేసితిమన్నమాట! శత్రువునకు తెలియరానిది కొంత యుండవచ్చును, ఉండవలెను. కాని చచ్చినవారు ఏల చచ్చిరో వారి బిడ్డలకు తెలియరాదనుట రహస్యరక్షణ కాదు, అధికారరక్షణ.

ఎన్నికలు వచ్చుచుండును, పోవుచుండును. ఓటడుగ వచ్చినవారిని రోడ్లనుగూర్చియు నీటినిగూర్చియు ప్రశ్నించుచున్న పట్టణవాసులు ఈ ప్రశ్ననుగూడ వేయుదురుగాక: మా ఊరినిగూర్చి మీకు తెలిసినది మా ఊరి ఠాణాకు తెలియునా? ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగల ప్రభుత్వమే ప్రజలను కాపాడగల ప్రభుత్వము. తెలియని తప్పును లోకము క్షమించును. తెలిసియు తెలియనట్లున్న తప్పునకు మృతులు సాక్షులు.